గోదాము అరుగు నుంచి స్టీరింగు దాకా

(వనపర్తిలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉర్దూ బడులు, ఓటరు జాబితాల గురించి మాట్లాడుతాం. అవన్నీ అవసరమే. కానీ ఈ రోజు మన వేదికల మీదికి అంతగా రాని ఒక విషయాన్ని మీ ముందు పెట్టదలచుకున్నాం. చదువు మధ్యలో ఆపి, మార్కెట్ యార్డులో మూట ఎత్తి, లారీకి తాడు కట్టి, ఏదో ఒకనాడు స్టీరింగు ముందు కూర్చోవాలని ఎదురుచూసే మన పిల్లల విషయం అది.

కొన్ని నెలలుగా మేము కొందరం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో తిరుగుతున్నాం. యార్డులకు వెళ్లాం. బియ్యం మిల్లుల ముందు, పత్తి మిల్లుల ముందు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ముందు నిలబడి మాట్లాడాం. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తాల్లో రాత్రి పూట లారీలు ఆగే హోటళ్ల దగ్గర కూర్చున్నాం. మేము అడిగినవి రెండే ప్రశ్నలు. ఈ పనిలోకి ఎలా వచ్చావు? నీవు ఈ పని చేస్తున్నావని ఏ కాగితంలో రాసి ఉంది? మొదటి ప్రశ్నకు ప్రతి ఒక్కరూ ఉత్సాహంగా జవాబు చెప్పారు. రెండో ప్రశ్నకు చాలామంది నవ్వి ఊరుకున్నారు. ఈ రోజు మా మాటలన్నీ ఆ నవ్వు గురించే.

మన ప్రాంతం సంగతి మీకు తెలియనిది కాదు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరుల మీదుగా సాగి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటి, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల మీదుగా తుంగభద్ర ఒడ్డుకు చేరి, కర్నూలులో అడుగు పెడుతుంది. తూర్పున కల్వకుర్తి, అచ్చంపేటల మీదుగా శ్రీశైలం దారి ఉంది. గద్వాలకు రైలు ఉంది. 2013 నుంచి రాయచూరు వైపు కూడా పట్టాలు కలిశాయి. మన నేల మీద పండే వరి, వేరుసెనగ, పత్తి, నడిగడ్డ పత్తి విత్తనం అన్నీ లారీ ఎక్కవలసిందే. ఇంత సరకు కదిలే చోట మూట మోసేవాడికి పని దొరుకుతుంది. భూమి లేని, దుకాణానికి పెట్టుబడి లేని కుటుంబానికి అదే మొదటి తలుపు. 2006లో సచార్ కమిటీ దేశం ముందు పెట్టిన చిత్రం కూడా ఇదే. ముస్లిం కార్మికులు నెల జీతపు ఉద్యోగాల్లో తక్కువ. స్వయం ఉపాధిలో, అసంఘటిత రంగంలో ఎక్కువ. ఆ మాటకు మన ఊళ్లలో ఉన్న రూపం గోదాము అరుగు.

ఆ అరుగును మేము చిన్నచూపు చూడటం లేదు. అదొక బడి. కొనుగోలు కేంద్రంలో నలభై కిలోల వడ్ల బస్తాను భుజానికి ఎత్తుకున్న కుర్రవాడు బరువును ఒంటితో తెలుసుకుంటాడు. ఏ బస్తా కింద ఉండాలో, ఏ వరుస అడ్డంగా పేర్చాలో, బరువు ఒక పక్కకు ఒరిగితే మలుపులో లారీ ఏమవుతుందో వాడికి పుస్తకం లేకుండానే తెలుస్తుంది. తాటిపత్రి కప్పడం, తాడు బిగించడం, కాంటా చీటీ సరిచూడటం, బిల్టీలో రాసిన సంచుల లెక్కకూ దింపిన సంచుల లెక్కకూ తేడా లేకుండా చూడటం, ఇవన్నీ అక్కడే నేర్చుకుంటాడు. తరువాత ఒక డ్రైవరు వాడిని మెచ్చుకొని క్లీనరుగా లారీ ఎక్కిస్తాడు. వాడు ఆ డ్రైవరును ‘ఉస్తాద్’ అని పిలుస్తాడు. టైరు గాలి చూడటం, ఇంజను చప్పుడు వినటం, ఘాటు రోడ్డులో ఏ గేరులో దిగాలో కనిపెట్టడం ఉస్తాద్ దగ్గరే. మన మొహల్లాల్లో ఈ రోజు లారీ యజమానులుగా గౌరవం పొందుతున్న పెద్దల్లో కొందరు ఈ మెట్లే ఎక్కి వచ్చారు. కష్టపడి తిన్న అన్నం హలాల్ అన్నం. దైవప్రవక్త ముహమ్మద్ (స) కూడా యువకుడిగా ఇతరుల సరకు వెంట వర్తక బిడారుతో షామ్ దేశానికి వెళ్లినవారే. సరకు మోయటంలో, సరకు వెంట నడవటంలో సిగ్గుపడవలసింది ఏదీ లేదు.

మరి బాధ ఎక్కడుంది? ఈ బడికి హాజరుపట్టీ లేకపోవటంలో ఉంది.

మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాం. పేర్లు చెప్పం, ఆ తల్లికి అది ఇష్టం లేదు. ఆ కుర్రవాడు పదిహేనేళ్లకు తొమ్మిదో తరగతి మానేసి గోదాములో లోడింగుకు చేరాడు. పదిహేడేళ్లకు క్లీనరయ్యాడు. రెండేళ్లు ఒకే లారీ మీద తిరిగాడు. ఒక తెల్లవారుజామున గోదాము ముందు లారీ వెనక్కు వస్తుంటే, ఎప్పటిలాగే దిగి వెనుక నిలబడి, బాడీ మీద చేత్తో కొడుతూ ‘రానీ, రానీ’ అంటున్నాడు. డ్రైవరుకు వాడు అద్దంలో కనబడలేదు. లారీకీ అరుగుకూ మధ్య వాడి కుడి కాలు నలిగింది. ఆసుపత్రిలో మోకాలి కింద తీసివేశారు.

తరువాత జరిగింది వినండి. యజమాని తరఫు గుమాస్తా వచ్చి, ‘వాడు మా మనిషి కాడు, డ్రైవరుకు తెలిసినవాడు, సరదాగా లారీ ఎక్కాడు’ అన్నాడు. బిల్టీలో డ్రైవరు పేరు మాత్రమే ఉంది. జీతం పుస్తకం లేదు. క్లీనరు బత్తా డ్రైవరు తన చేతి నుంచి ఇచ్చేవాడు. ఆ తల్లి మమ్మల్ని అడిగింది: ‘మా వాడు రెండేళ్లు ఆ బండి మీద తిరిగినాడని ఎవరు చెప్తరు సార్? రోడ్డు చెప్తదా?’

చివరికి ఆధారం దొరికింది ఆమె ఫోనులోనే. డ్రైవరు కొన్నిసార్లు కుర్రవాడి డబ్బును ఆమె నంబరుకు ఫోన్‌పే చేసేవాడు. ఆ సందేశాలను ఆమె చెరపలేదు. చెరపటం తెలియక ఉంచింది. తేదీలతో సహా అవే ఇప్పుడు వకీలు సంచిలో ఉన్నాయి. కేసు ఇంకా నడుస్తోంది. కాలు పోయిన పిల్లవాడు తాను పని చేసేవాడినని రుజువు చేసుకోవటానికే రెండేళ్లుగా తిరుగుతున్నాడు.

పని చేస్తూ గాయపడిన కార్మికునికి పరిహారం చెల్లించాలన్న సూత్రం మన దేశంలో 1923 నుంచి చట్టంలో ఉంది. సరకు వాహనం మీద పనిచేసే డ్రైవరుకు, క్లీనరుకు కలిగే ఆ పరిహార బాధ్యత వాహనానికి తప్పనిసరిగా చేయించే బీమాలోకి వస్తుంది. అంటే హక్కు నూరేళ్ల కిందటే వచ్చింది. ఆ హక్కు దగ్గరకు నడిచి వెళ్లే కాగితమే మన పిల్లల చేతిలో లేదు.

ఇప్పుడు లైసెన్సు సంగతి. తల్లిదండ్రులు ఈ భాగాన్ని జాగ్రత్తగా వినాలని కోరుతున్నాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు వంటి తేలికపాటి వాహనానికి లైసెన్సు పొందటానికి 18 ఏళ్లు నిండాలి. రవాణా వాహనం నడపటానికి 20 ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహనం లైసెన్సు కనీసం ఒక సంవత్సరం చేతిలో ఉంటేనే రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇస్తారు. ఆ తరువాత డ్రైవింగు స్కూలు ధ్రువపత్రం, వైద్యుని ధ్రువపత్రం, పరీక్ష ఉంటాయి. 7,500 కిలోల లోపు స్థూల బరువు గల సరకు బండిని తేలికపాటి వాహనం లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. అంటే చట్టంలోనే మెట్లు ఉన్నాయి. 18 ఏళ్లకు మొదటి లైసెన్సు. 20 నిండాక చిన్న సరకు బండి. అనుభవంతో పాటు భారీ వాహనం లైసెన్సు.

మన పిల్లలు ఎక్కుతున్న మెట్లు వేరు. రాత్రి రెండు గంటలకు ఉస్తాద్‌కు నిద్ర ముంచుకొస్తుంది. రోడ్డు ఖాళీగా ఉంది, కొంచెం సేపు పట్టుకో అంటాడు. పదిహేడేళ్ల వాడికి అది పండుగ. వాడి దృష్టిలో అది నేర్చుకోవటం. చట్టం దృష్టిలో అది నేరం. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండే దాకా లైసెన్సు ఇవ్వరు. డ్రైవరు కావాలన్న తొందరలో చేసిన ఒక్క రాత్రి పని డ్రైవరు కాకుండా ఎనిమిదేళ్లు ఆపేస్తుంది. ఇక ఆ రాత్రి ఎవరైనా చనిపోతే ఆ లెక్క ఏ సెక్షనులోనూ తీరదు. పాలెం దగ్గర 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బస్సు తగలబడి 45 మంది చనిపోయిన రోడ్డు మనది. ఆ రోడ్డు మీద తెల్లవారుజాము అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చదువు గురించి ఒక మాట. రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నియమాన్ని కేంద్రం 2019లో తొలగించింది. బడికి దూరమైన పేదవాడికి అది మేలే. కానీ దాన్ని విని ‘లారీకి చదువెందుకు’ అని తొమ్మిదో తరగతిలో బడి మాన్పించే తండ్రులకు ఒక సంగతి విన్నవిస్తున్నాం. 2025లో ఆర్టీసీ కోసం 1,000 డ్రైవరు పోస్టులకు ప్రకటన వచ్చింది. దానికి భారీ వాహనం లైసెన్సుతో పాటు పదో తరగతి కావాలి. 2007 నుంచి మనలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దాని కోసం ఎన్ని సభలు పెట్టుకున్నాం, ఎన్ని కోర్టుల చుట్టూ తిరిగాం! ఆ రిజర్వేషన్ తలుపు తెరిచినప్పుడు లోపలికి వెళ్లటానికి మన పిల్లవాడి దగ్గర పదో తరగతి మెమో లేకపోతే, పోరాడి సాధించినది ఎవరికి ఉపయోగం? లారీ మీద మనసున్న పిల్లవాడిని లారీ ఎక్కనివ్వండి. పదో తరగతి దాటించి ఎక్కించండి.

పని గంటల మాట కూడా చెప్పుకోవాలి. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. అయితే అది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. మన పిల్లలు ఎక్కువగా పనిచేసేది ఒకటి రెండు లారీలున్న యజమానుల దగ్గర. కాబట్టి ఆ గంటల లెక్క వారి క్యాబిన్‌లోకి రానేలేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం. మన పిల్లలు ఎక్కే పాత లారీలో మే నెల ఎండలో ఇంజను వేడి మోకాళ్లకు తగులుతూనే ఉంటుంది.

2024 జనవరి మొదటి రెండు రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల వరకు శిక్ష అన్న కొత్త నిబంధనపై డ్రైవర్లు దేశమంతా లారీలు ఆపేశారు. హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. రవాణా సంఘాలతో సంప్రదించాకే అమలు చేస్తామని కేంద్రం చెప్పవలసి వచ్చింది. ఆ ఏడాది జూలై 1న కొత్త న్యాయసంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క క్లాజును పక్కన ఉంచారు. స్టీరింగు పట్టిన చేతులు కలిస్తే ఢిల్లీ వింటుందని అప్పుడు తెలిసింది. కానీ ఆ సమ్మె నాడు కూడా క్లీనరు కుర్రవాడి గురించి, అరుగు మీది హమాలీ గురించి ఎవరూ మాట్లాడలేదు. వారిలో చాలామంది ఇంకా ఏ సంఘం పట్టికలోనూ లేరు.

ఇంకో దేశం సంగతి చూద్దాం. అమెరికాలో సరకు టెర్మినళ్ల అరుగుల మీద పెట్టెలు ఎక్కించి దింపే కార్మికులు ఉంటారు. అక్కడ కొన్ని పెద్ద రవాణా కంపెనీలు అదే కార్మికుడిని ఎంచుకొని, తామే డ్రైవింగు నేర్పి, నేర్చుకునే కాలానికి జీతం కూడా ఇచ్చి, లైసెన్సు వచ్చాక డ్రైవరుగా పెట్టుకుంటాయి. వారికి ధర్మగుణం ఎక్కువని మేము అనటం లేదు. డ్రైవర్లు దొరకక అలా చేస్తున్నారు. డ్రైవర్లు దొరకటం లేదని మన యజమానులూ అంటున్నారు. మన దగ్గర అరుగు ఉంది, నేర్చుకోవాలన్న పిల్లవాడు ఉన్నాడు, నేర్పగల ఉస్తాద్ ఉన్నాడు. మధ్యలో రాతకోతలు మాత్రమే లేవు. తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో డ్రైవింగు శిక్షణ సంస్థ ఉంది. గద్వాల పిల్లవాడికి అది రాష్ట్రానికి ఆ చివర. కృష్ణకు ఈ వైపూ ఆ వైపూ ఇన్ని లారీలు తిరిగే మన ప్రాంతానికి అటువంటి సంస్థ కావాలని అడగటం మన హక్కు. ఈ సభ నుంచి ఆ కోరిక ముగ్గురు కలెక్టర్లకు వెళ్లాలని ప్రతిపాదిస్తున్నాం.

ప్రభుత్వాన్ని అడిగేది అడుగుదాం. మన చేతిలో ఉన్నది కూడా చేద్దాం.

మొదటి మాట యజమానులకు. మనలోనూ లారీ యజమానులు ఉన్నారు. ఈ సభలోనూ ఉన్నారు. అప్పు లావాదేవీ జరిగితే రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని ఖుర్ఆన్ సూరా బఖరాలో ఆదేశించింది. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని ప్రవక్త (స) బోధించారు. ఈ రెండింటినీ కలిపి చదువుకుంటే, క్లీనరు పేరు ఒక పుస్తకంలో రాయటం మనకు ప్రభుత్వం కొత్తగా నేర్పవలసిన పని కాదు. వంద రూపాయల రిజిస్టరు కొనండి. పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఇచ్చిన జీతం రాసి సంతకం తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి. బీమా చేయించేటప్పుడు క్లీనరుకు కూడా కట్టారో లేదో అడగండి. 18 ఏళ్లు నిండని పిల్లవాడిని లారీ ఎక్కించకండి; వాడి ఇంట్లో ఎంత పేదరికం ఉన్నా సరే.

రెండో మాట తల్లిదండ్రులకు. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, బడి రికార్డులో ఒకటి ఉంటే ఇప్పుడే సరిచేయించండి. వయసు పెంచి రాయించకండి. అది రేపు మీ బిడ్డ మీదికే వస్తుంది. పదహారేళ్లు నిండిన అసంఘటిత కార్మికుడు ఎవరైనా ఈ-శ్రమ్ కార్డు తీసుకోవచ్చు; తీయించండి. కొడుకు పంపిన ప్రతి రూపాయికీ వచ్చిన సందేశం ఉంచండి. లారీ నంబరు, యజమాని ఫోను నంబరు, ఉస్తాద్ పేరు వంటింటి గోడ మీద రాసి పెట్టండి. ఆ ఇంట్లో తెలియక ఉంచిన సందేశాలే ఆధారమయ్యాయి. మనం తెలిసి ఉంచుదాం.

మూడో మాట మస్జిద్ కమిటీలకు. ఏటా రంజాన్‌లో జకాత్ వసూలు చేస్తున్నాం. రేషన్ కిట్లు ఇస్తున్నాం. అందులో కొంత భాగాన్ని, అర్హులైన పేద యువకుల లైసెన్సు ఫీజుకు, డ్రైవింగు స్కూలు ఫీజుకు కేటాయించే విషయం ఉలమాలతో సంప్రదించి నిర్ణయించండి. రేషన్ కిట్టు నెల తిరగకముందే అయిపోతుంది. లైసెన్సు ఉన్నవాడు కొన్నేళ్లకు తానే జకాత్ ఇవ్వగలడు, ఇన్షా అల్లాహ్. మొహల్లాలో లోడింగుకు, క్లీనరు పనికి వెళ్లే పిల్లల జాబితా ఒకటి కమిటీ దగ్గర ఉండాలి. ఎవరికి 18 నిండింది, ఎవరికి ఏడాది పూర్తయింది, ఎవరిని పరీక్షకు పంపాలి అని చూసుకునే మనిషి ఒకరుండాలి. మనం మొదట చెప్పిన హాజరుపట్టీ అదే.

చివరి మాట వెనుక నిలబడిన తమ్ముళ్లకు. మీ పనిని చూసి మేము గర్వపడుతున్నాం. వడ్లు పండించిన రైతుకూ అన్నం తినే పట్టణవాసికీ మధ్య మీ భుజం ఉంది. తొందరపడకండి. రాత్రి స్టీరింగు ఇస్తామంటే, లైసెన్సు వచ్చాక తీసుకుంటానని ఉస్తాద్‌కు మర్యాదగా చెప్పండి. మంచి ఉస్తాద్ అయితే కోప్పడడు. లారీ వెనక్కు వచ్చేటప్పుడు సరిగ్గా వెనుక నిలబడకండి. డ్రైవరు అద్దంలో మీకు కనబడే చోట, పక్కకు నిలబడండి. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడరు. ఈ ఒక్క మాట ఆ కుర్రవాడికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. వాడే ఈ మాట మీకు చెప్పమన్నాడు.

వాడికి ఇప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు. చట్టం ప్రకారం రవాణా వాహనం నడిపే వయసు వచ్చింది. ప్రస్తుతం ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని బిల్టీలు రాస్తున్నాడు. ప్రతి బిల్టీలో డ్రైవరు పేరు కింద క్లీనరు పేరు కూడా రాస్తున్నాడట. అందుకు గడి లేదని మొదట అక్కడివారు అన్నారట. పక్కన ఖాళీ జాగాలో రాస్తున్నాడు.

అల్లాహ్ మన పిల్లల ప్రయాణాలను క్షేమంగా ఉంచుగాక.